పెదనాన్న ట్రాక్టరు గేరు

ఆ పొద్దున కాలువ గట్టు మీద ఉన్నవి: పాత ట్రాక్టరు, మడిలో బురద కలపడానికి దానికి బిగించిన దమ్ము చక్రాలు రెండు, పానాల సంచీ. ఉన్నవాళ్లు: పెదనాన్న, డ్రైవరు, అప్పుడు పాలిటెక్నిక్ రెండో ఏడు చదువుతున్న నేను. నిన్న బాన్సువాడ బస్టాండు ముందు ఎవరిదో ట్రాక్టరు గేరు పడక గరగరమంటే, యజమాని దిగి డ్రైవర్ని తిట్టడం చూసి, ఆ పొద్దు గుర్తొచ్చి నాకు మళ్లీ ఒళ్లు మండింది.

అప్పటికే కాలువకి నిజాంసాగర్ నీళ్లు వదిలారు, మా దమ్ము సగంలో ఆగింది. గేరు వేయబోతే ఇదే గరగర. పెదనాన్న తీర్పు అప్పటికే ఇచ్చేశాడు. "గేరుబాక్సు నాశనం చేశావు. రేపట్నించి రాకు. నీకు ఇంకెవడు స్టీరింగు ఇస్తాడో నేనూ చూస్తాను."

"క్లచ్చి పెడలు నిండ దిగుతలేదు సారూ. మూడు దినాల సంది చెప్తున్న," అన్నాడు డ్రైవరు.

"దిగనిది నీ కాలేమో."

నేను వరసగా చూసుకుంటూ వెళ్లాను. ఇంజను ఆపి వేస్తే గేర్లన్నీ చప్పుడు లేకుండా పడ్డాయి. అంటే పళ్లు బాగున్నాయి, ఇంజను తిరిగేటప్పుడు క్లచ్చి పూర్తిగా విడవడం లేదు. పెడలు నుంచి క్లచ్చికి వెళ్లే కడ్డీ సరిగ్గానే ఉంది. వంగి పెడలు కింద చెయ్యి పెట్టాను. మందంగా మడిచిన గోనె తగిలింది.

దసరాకి పూజ చేసిన బండి కాబట్టి దాని మీదికి ఎవరూ చెప్పులతో ఎక్కకూడదని పెదనాన్న పట్టింపు. మూడు రోజుల కిందట పెడలు కింది ఇనుప పలక ఎండకి వేడెక్కి తన పాదాలే బొబ్బలెక్కితే, పట్టింపు సడలించకుండా, తనే గోనె మడిచి పలకకి తీగతో కట్టాడు. పెడలు దాని మీదే ఆగిపోతోంది.

పీకి పారేశాను. ఇంజను తిరుగుతుండగానే గేరు నెమ్మదిగా పడింది. పెదనాన్న గోనెను చూశాడు, నన్ను చూశాడు, డ్రైవర్ని చూడలేదు. "సరే, దమ్ము కానివ్వండి."

డ్రైవరు ఎక్కలేదు. "బాక్సు నేను ఖరాబు చెయ్యలేదని ఒక్క మాట అనుండ్రి సారూ. ఎక్కుత."

"పనివాడికి సంజాయిషీ కూడానా?"

"అయితే ఇగ మీరే నడుపుకోండ్రి," అని అతను చెప్పులు తొడుక్కుని డోంగ్లి ఊరికి పోయే బస్సు కోసం వెళ్లిపోయాడు. నేను గట్టిగా ఒక్క మాట అనాల్సింది. పానా తుడుస్తూ నిలబడ్డాను. ఆ కోపంలో సగం నా మీదే, ఇప్పటికీ తగ్గలేదు.

అతను మా బండి నడిపింది పదకొండేళ్లు. గోనె పీకడానికి నాకు పట్టింది నాలుగు నిమిషాలు.