చేలో పిలిచిన హాజరు

ఎర్రగుంటపాడు బడి మేష్టారు ఆదినారాయణ మంచివాడని ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. ఒకరి జోలికి పోడు, ఒకరి సొమ్ముకి ఆశపడడు. అయితే అంతోని పేరు చెవిన పడితే చాలు, ఆ మంచితనం ఎటు పోయేదో పోయేది. అంతోని రెంటచింతల పక్కన తూర్పుపాలెంలో మిషను బడి మేష్టారు. ఇద్దరూ ఒకే ఏడు ట్రెయినింగు పూర్తిచేశారు. పరీక్షలో ఆదినారాయణ మొదటివాడు, అంతోని ఎలాగో గట్టెక్కినవాడు. మరి ఆ తరవాత జరిగిందేమిటి? మొదటివాడికి తాటాకు పాక, మట్టినేల. గట్టెక్కినవాడికి పెంకులు కప్పిన బడి, గోడ గడియారం, తిరగడానికో సైకిలు. ఇదేం న్యాయమండీ?

ఇరవై నాలుగేళ్ళుగా ఆదినారాయణ ఈ ప్రశ్న వేసుకుంటూనే ఉన్నాడు. అంతోని తలలో ఒక్క తెల్లవెంట్రుక రాలేదన్నా ఆయనకు కడుపుమంటే. ఇంత కుళ్ళు ఉన్నట్టు పైకి మాత్రం తెలియనిచ్చేవాడు కాదు. ఎదురుపడితే నవ్వేవాడు, పిల్లలు బాగున్నారా అని అడిగేవాడు. ఇంటికొచ్చాక మాత్రం అన్నం సయించేది కాదు. భార్య రామాయమ్మ ఇది కనిపెట్టి, "ఆయన పెంకులు ఆయన నెత్తిన పెట్టుకుపోతాడా, మీ తాటాకులు మీరు పెట్టుకుపోతారా? తినండి," అని కసిరేది.

నిజానికి ఆదినారాయణ దగ్గర ఉన్న విద్య అంతోని దగ్గర లేదు. ఆ సంగతి అంతోనికీ తెలుసు.

పల్నాడులో పత్తి తీత మొదలైతే బళ్ళు ఖాళీ. మాఘం, ఫాల్గుణం రెండు నెలలూ పిల్లలు తల్లుల వెంట చేలల్లోనే ఉంటారు. వంగి తీసే పనికి చిన్న చేతులే బాగా ఉపయోగం. సర్కారు రూలు చూస్తే, హాజరు తగ్గిన బడికి గుర్తింపు తీసెయ్యచ్చు. తీసినా తియ్యకపోయినా అది ఇన్‌స్పెక్టరు దయ. మొదటి ఏడు ఆదినారాయణ నలభైమందిలో ఎనిమిదిమందిని ఎదురుగా పెట్టుకుని, మిగతా ముప్ఫైరెండు పేర్లూ ఎవర్ని చూసి పిలవాలో తెలియక దిగాలుపడి కూర్చున్నాడు. రెండో ఏడు ఒక ఆలోచన చేశాడు. హాజరు పట్టీ చంకన పెట్టుకుని చేలోకే పోయాడు. గట్టు మీద నిలబడి పేర్లు పిలిచాడు. పత్తి సాళ్ళలోంచి ఒక్కొక్క తలే పైకి లేచి "హాజరండీ" అంది. ఆ పైన, ఈ సాలు వాళ్ళు ఎక్కం ఎత్తుకుంటే ఆ సాలు వాళ్ళు అందుకోవాలి. తీసిన పత్తి ఎన్ని వీశెలైందో తూకం దగ్గర పిల్లలే లెక్క కట్టాలి. గట్టు మీది మెత్తటి దుమ్ములో పుల్లతో అక్షరాలు. జాన్‌బీ అనే కూలి మనిషి, కూతురు మున్నీ పన్నెండో ఎక్కం తప్పుల్లేకుండా చెబుతుంటే పని ఆపేసి ఏడ్చిందట.

ఇన్నేళ్ళుగా ఆ రెండు నెలలూ ఆయన బడి నడిచింది అలాగే. పట్టీలో మాత్రం బడిలో కూర్చున్నట్టే రాసుకునేవాడు. డిప్టీ ఇన్‌స్పెక్టరుకి తెలిస్తే కొంప మునుగుతుందని భయం. ఒకసారి అటుగా పోతూ అంతోని ఇది చూశాడు. సైకిలు గట్టుకి ఆనించి సాయంత్రందాకా అక్కడే కూర్చున్నాడు. పోయేటప్పుడు ఆదినారాయణ వాడి చెయ్యి పట్టుకుని, "ఎవరికీ చెప్పమాక," అని మాట తీసుకున్నాడు.

స్వరాజ్యం వచ్చిన రెండో ఏడు చివర్లో ఒక కబురు వచ్చింది. చిన్నబళ్ళ చదువు ఎలా ఉండాలో కొత్తగా తేల్చడానికి మద్రాసులో ఒక కమిటీ వేశారట. ఆ కమిటీ వాళ్ళు మద్రాసులో కూర్చుని రాయరట. ఊరూరా తిరిగి, బడి నడిపేవాళ్ళనీ రైతుల్నీ తల్లుల్నీ అడిగి, ఎవరేం చెప్పారో రాసుకుని, అప్పుడు తీర్మానం చేస్తారట. నరసరావుపేటలో ఒకరోజు కూర్చుంటారు. పల్నాడు తాలూకా చిన్నబళ్ళ తరఫున ఒక్క మేష్టారుని పిలుస్తారు.

ఆ ఒక్కడు తను కాక ఇంకెవరు? ఆదినారాయణ ఆ క్షణం నించే తయారైపోయాడు. వేసవి సెలవులు ఎవరికి కావాలండీ, వేసవిలో మా పిల్లలకు పనేముందండీ, ఆ సెలవులు పత్తి రోజుల్లో ఇచ్చి ఎండాకాలం పొద్దుటిపూట బడి పెట్టండి, అని ఇంటి గోడతో చెప్పేవాడు. ఎద్దుతో చెప్పేవాడు. రామాయమ్మకు ఆ ఉపన్యాసం నోటికొచ్చేసింది. ఇరవై నాలుగేళ్ళలో ఆయన్ని ఒక్కరంటే ఒక్కరు, నీకేం తోస్తుందయ్యా అని అడిగిన పాపాన పోలేదు. ఇన్‌స్పెక్టర్లు వచ్చారు, తనిఖీ చేశారు, తిట్టారు, పోయారు. ఇప్పుడు అడుగుతారు. అడిగి, తన మాట కాగితం మీద పెడతారు. ఆయనకు కావలసింది అంతే.

గురజాల మీటింగులో డిప్టీ ఇన్‌స్పెక్టరు పేరు చదివాడు. తూర్పుపాలెం అంతోని.

ఆదినారాయణకు చెవులు గడియలుపడ్డాయి. మీటింగయ్యాక ఇన్‌స్పెక్టరు వెంటపడి, ఎందుకిలా చేశారని కాళ్ళావేళ్ళా పడ్డట్టు అడిగాడు. ఇన్‌స్పెక్టరు ఆయన భుజం తట్టాడు. కమిటీవారు మూడేళ్ళ పట్టీలు తెప్పించుకున్నారని, పంట రోజుల్లో హాజరు పడిపోయే బళ్ళని ఏరుకున్నారని, వాళ్ళకు కావలసింది ఇబ్బందులేనని చెప్పాడు. "నీ బడిలో ఏడాది పొడుగునా నిండు హాజరేనాయె. నిన్ను అడగడానికేముందయ్యా?" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు పాపం.

ఉన్నది ఉన్నట్టు రాసుకున్నవాడు సాక్షి అయ్యాడు. నానా పాట్లూ పడి పిల్లల్ని నిలబెట్టుకున్నవాడికి నోరే లేకుండా పోయింది. తన తప్పు తనకు కనబడితే ఇంత కథ లేకపోను. ఆదినారాయణకు కనబడింది అంతోని ఒక్కడే. పిల్లల్ని రాబట్టుకోవడం చేతకానివాడు, వాడా పెద్దల ముందు కూర్చునేది? వాడి మాటా రాసుకునేది? దారిపొడుగునా పళ్ళు నూరుకుంటూ నడిచాడు.

కమిటీ రావడానికి రెండు రోజుల ముందు అంతోని ఎర్రగుంటపాడు వచ్చాడు. సైకిలు గంట వినపడగానే ఆదినారాయణ గొడ్లపాకలో దూరి, లేనని చెప్పమన్నాడు. యాభై ఏళ్ళ మనిషి, పేడ వాసనలో గోడకు అంటుకుని నిలబడి, అవతలివాడు మంచినీళ్ళు తాగే చప్పుడు వింటున్నాడు. అంతోని కాసేపు కూర్చుని, "అన్నని ఎట్టాగైనా నరసరావుపేట రమ్మను వదినా. మర్చిపోమాక," అని చెప్పి వెళ్ళాడు. రామాయమ్మ ఆ మాట చేరవేస్తే, తన వైభవం చూపించుకోడానికి పిలుస్తున్నాడని ఆదినారాయణ అర్థం చేసుకున్నాడు.

అయినా వెళ్ళాడు. ఎందుకంటే అంతోని పెద్దల ముందు తడబడటం కళ్ళారా చూడాలి. సుద్దముక్కలు కొనాలని భార్యకు చెప్పి, ఉతికిన పంచె కట్టుకుని బస్సెక్కాడు. సుద్దముక్కలకి ఉతికిన పంచె ఎందుకని ఆవిడ అడగలేదు.

ముసాఫరు బంగళా వరండాలో బల్ల వేసి కమిటీవారు ముగ్గురు కూర్చున్నారు. అధ్యక్షుడు ఏ కాలేజీలోనో చదువు చెప్పి విరమించిన తెలుగాయన, తల ముగ్గుబుట్ట. పక్కన గుమాస్తా అన్నీ రాసుకుంటున్నాడు. డిప్టీ ఇన్‌స్పెక్టరు ఒక వారగా నిలబడ్డాడు. వచ్చిన జనం మెట్ల దగ్గరా గోడవారనా నిలబడి వినవచ్చు. సాక్షికి మాత్రం కుర్చీ. ఆ కుర్చీలో అంతోని కూర్చుంటే ఆదినారాయణకు కన్ను కుట్టింది. వాడి కోటు చూసి కుట్టింది, వాడికిచ్చిన గ్లాసుడు మజ్జిగ చూసి కూడా కుట్టింది.

పంట రోజుల్లో పిల్లల్ని బడిలో నిలపడానికి మీరేం చేశారని అధ్యక్షుడు అడిగాడు. అంతోని లేచి నిలబడి, తనవల్ల కాలేదని ఉన్నమాట చెప్పాడు. ఆదినారాయణ లోపల లోపల మురిసిపోయాడు. అప్పుడు అంతోని ఇటు తిరిగాడు.

"చేసినాయన ఒకడున్నాడండీ. అదుగో, ఆ గోడవారన నిలబడ్డాడు. పిల్లలు బడికి రాకపోతే బడినే చేలోకి తీసకపోయినాయన. మీరు అడగాల్సింది నన్ను కాదండీ."

అని, తను గట్టు మీద కూర్చుని చూసినదంతా చెప్పాడు. సాళ్ళలోంచి లేచే తలలూ, ఎక్కాలూ, తూకం లెక్కలూ, ఏదీ వదల్లేదు. అధ్యక్షుడి కళ్ళు మెరిశాయి. డిప్టీ ఇన్‌స్పెక్టరు మొహం మాడింది. అది గమనించి అధ్యక్షుడు, ఇక్కడ చెప్పినదాని వల్ల ఏ ఉపాధ్యాయుడికీ ఏ హానీ జరగదని, ఆ పూచీ తనదని అందరూ వినేలా అన్నాడు. గుమాస్తా చేతిలోంచి కలం తనే అందుకుని, ఆదినారాయణను ముందుకు రమ్మన్నాడు. "చెప్పండి మేష్టారూ. మీరు చెప్పింది చెప్పినట్టు నేను రాసుకుంటాను. ఇది నిజమేనా?"

ఇరవై నాలుగేళ్ళ నించి కాచుకున్న ప్రశ్న. గోడకీ ఎద్దుకీ చెప్పుకున్న జవాబు నాలిక మీదే ఉంది. చెప్పేస్తే అయిపోను. కానీ మనిషి బుద్ధి ఎలాంటిదో చూడండి. తన గొప్ప తను చెప్పుకోవాలి గానీ, ఇది అంతోని పెట్టిన బిచ్చం. రేపు ఊరంతా అంతోని చెప్పబట్టే మేష్టార్ని అడిగారంటుంది. పైగా, ఎవరికీ చెప్పనని మాటిచ్చి నలుగుర్లో బయటపెట్టాడు. ఇన్‌స్పెక్టరంటే భయం లేదని కాదు, అధ్యక్షుడి పూచీతో అది చానావరకు తీరింది. తీరనిది మరోటి ఉంది. వాడి చేతి మీదుగా వచ్చిన మర్యాద ఆయన గొంతు దిగలేదు.

"అబద్ధమండీ," అన్నాడు ఆదినారాయణ. "మా పిల్లలు పత్తికాలంలోనూ బడిలోనే కూర్చుంటారు. పట్టీలు మీ దగ్గరే ఉన్నాయి, చూసుకోండి."

అధ్యక్షుడు కాసేపు కలం ఎత్తి అలాగే పట్టుకున్నాడు. అంతోని వంక చూశాడు. అంతోని మొహం నల్లబడింది. నేనే పొరపాటుపడి ఉంటానండీ అని మెల్లిగా అని, కుర్చీలో కూర్చున్నాడు. అధ్యక్షుడు ఆదినారాయణ మాట రెండు వాక్యాల్లో రాసుకున్నాడు.

తిరుగు బస్సులో ఆదినారాయణకు గెలిచినట్టే ఉంది. పిడుగురాళ్ళ దాటేదాకా ఉంది. ఆ పైన లేదు. ఇంటికి చేరాక అన్నం వద్దని పడుకున్నాడు. మర్నాడు పొద్దున్నే పట్టీ చంకన పెట్టుకుని పత్తిచేలోకి పోక తప్పలేదు.

వర్షాలు మొదలయ్యాక తాఖీదు అచ్చయి అన్ని బళ్ళకీ వచ్చింది. ఆదినారాయణ అరుగు మీద కూర్చుని చదివాడు. పంట రోజుల్లో సెలవులు ఇవ్వాలన్న సూచన తోసిపుచ్చడమైనది. అట్టి కాలమందు కూడా నిండు హాజరు సాధ్యమేనని పల్నాడు తాలూకాలోని ఒక అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయుని వాంగ్మూలం వలన రుజువైనది. కావున ఇకమీదట ఏ నెలలోనైనను నూటికి డెబ్బై అయిదుకు హాజరు తగ్గిన బడికి గుర్తింపు రద్దు చేయబడును.

ఆయన మాట అచ్చులోకి ఎక్కింది. గోడతో చెప్పుకున్నవాటిలో ఒక్క ముక్క లేదు. ఆ వరండాలో నిలబడి ఆడిన అబద్ధమొక్కటే రాష్ట్రం మొత్తానికీ చట్టమై కూర్చుంది. ఏం రాసిందని రామాయమ్మ అడిగితే, సెలవుల సంగతి అని చెప్పి కాగితం మడిచాడు.

పత్తి పగలడానికి ఇంకో పదిరోజులుందనగా అంతోని వచ్చాడు. ఈసారి ఆదినారాయణ గొడ్లపాకలోకి పోలేదు. అంతోని అరుగు మీద కూర్చుని, జేబులోంచి కాగితాలూ పెన్సిలూ తీశాడు. కుశలమడగలేదు.

"పత్తి రోజుల్లో నా బడికి పదిమందొస్తే ఎక్కువ. ఈ రూలుతో మాఘం దాటేసరికి తాళం పడుద్ది. చేలో హాజరు ఎట్టా పిలుస్తావో చెప్పన్నా, రాసుకుంటా."

ఆదినారాయణ ఆ ఖాళీ కాగితాల వంక చూశాడు. "నా మీద కోపం లేదంట్రా?" అన్నాడు.

"ఉంది. చానా ఉంది. ఎందుకట్టా చేశావన్నా? ఆ రోజు నిన్ను తీసకపోయి ఆ కుర్చీలో కూచోబెడదామనే ఇంటికొచ్చా."

గొడ్లపాక గోడ ఇవతలే నిలబడి విన్నానని చెప్పడానికి ఆదినారాయణకు నోరు రాలేదు. చెప్పగలిగింది ఒకటే చెప్పాడు. "అసూయరా అంతోనీ. నీ పెంకుల కాడి నించీ అసూయే."

అంతోని నిర్ఘాంతపోయి చూశాడు. పెంకులు వానకు కారతాయన్నాడు. తరవాత పెన్సిలు ముక్కు చూసుకుని, కాగితం మోకాలి మీద సర్దుకున్నాడు. "సరే, మొదలుపెట్టు. ముందు ఎవర్ని అడగాలి, ఆసామినా, తల్లుల్నా?"

ఇంతకాలానికి ఒకడు అడిగాడు. ఒక్కొక్క మాటా రాసుకోడానికి ఎదురుగా కూర్చున్నాడు. తల్లుల్నే ముందు అడగాలని ఆదినారాయణ చెప్పాడు. పొద్దు వాలేదాకా చెబుతూనే ఉన్నాడు. దొంగ హాజరు పట్టీ ఎలా రాయాలో చెప్పాల్సిన చోట మాత్రం తల వంచుకుని, పెన్సిలు తనే అందుకుని రాసి చూపించాడు. ఇన్నేళ్ళూ ఉన్నది ఉన్నట్టు రాసుకున్న అంతోని కూడా ఇక అది రాయాల్సిందే.