నా ఊపిరి ఫొటోలు రెండు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాతి ఏళ్ల నుంచి అడుగుతూనే ఉన్నాను. ఇప్పటిదాకా ఒక్కరూ పట్టించుకోలేదు. కనుక మళ్లీ మొదటినుంచి చెబుతాను.

మాది పుంగనూరు. క్షయ పట్టి మదనపల్లెలో మిషన్ వాళ్ల ఆసుపత్రిలో చేరాను. డాక్టరుగారు మర్యాదస్తుడే. కాని రౌండ్సుకు వస్తే నా ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి ఎంతోసేపు చూసేవారు, నర్సమ్మతో మాట్లాడేవారు, వెళ్లిపోయేవారు. ఫిల్ములోని మనిషి మంచం మీదే ఉన్నాడని ఎవరికీ తోచేది కాదు. పక్క మంచం కుప్పం ఆయనకు అది పెద్ద వేడుక.

"నువ్వు ఇంటికి పోయినా ఏం గాదులేప్పా, నీ ఫొటో ఈడుంటే సాలు," అనేవాడు.

అప్పుడే కొత్త సూదిమందు వచ్చింది. వచ్చిందే కొంచెం. కొద్దిమందికి ఇచ్చి చూస్తున్నారు. మందుకు ముందు ఒక ఫిల్ము, కొన్నాళ్లకు ఇంకొకటి తీసి పక్కపక్కన పెడతారు. ఊపిరితిత్తుల్లో మచ్చ తగ్గితే మందు సాగిస్తారు, తగ్గకపోతే అది ఇంకొకరికి పోతుంది. నాకు దగ్గు తగ్గింది, సంగటి రుచి తెలుస్తోంది. అయినా రెండో ఫిల్ములో ఛాతీ మునుపటికంటే మబ్బుగా కనిపించింది. నా మందు ఆపమన్నారు. ఆ మాట కూడా నర్సమ్మతోనే.

నేను మంచం దిగి తలుపుకు అడ్డం నిలబడ్డాను. అసలు జరిగింది వేరు. ఎక్స్‌రే గదిలో ఛాతీకి ఆనించే పలక మంచులా ఉంటుంది. రెండో ఫిల్ము తీసేటప్పుడు ఆ సంగతే ఎక్స్‌రే ఆయనకు వివరంగా చెబుతుంటే, నా మాట ముగియకముందే ఊపిరి బిగబట్టమన్నాడు. అప్పటికే లోపలి గాలంతా మాటలకు ఖర్చయిపోయింది. మిగిలిందే బిగబట్టాను. మొదటి ఫిల్ముకు, ఆ చల్లటి పలకకు ఆనించాడని ఆయన మీద కోపంతో నోరు విప్పలేదు గనుక గుండెల నిండా గాలి ఉంది.

"మందు పన్జేస్తాండాది సామీ. నన్ను మాట ముగించనీకుండా, లోపల గాల్లేనప్పుడు ఫొటో తీసి, పన్జేయలేదని యాల అంటారు?" అన్నాను.

డాక్టరుగారు మొదటిసారి నా ముఖం చూశారు. ఫిల్ములకు కరువైనా ఒకే పూట రెండు తీయించారు, ఊపిరి వదిలించి ఒకటి, నిండా పీల్పించి ఒకటి. తడి ఆరకముందే కిటికీ దగ్గర పట్టి చూశారు. వదిలినదాంట్లో అంతా మబ్బు. పీల్చినదాంట్లో మచ్చ మొదటి ఫిల్ములోకంటే బాగా కుంచించుకుపోయి ఉంది. నా మందు సాగింది.

ఇక రోగులందరిచేతా ప్రతిసారీ ఒకేలా ఎలా పీల్పించాలన్నది చిక్కు. మా మెట్ట ఊళ్లలో ఈత నేర్చేది లోతు బావుల్లోనే. బావిలోకి దూకే ముందు పీల్చినట్టు పీల్చమనండి అన్నాను. మర్నాటి నుంచి ఎక్స్‌రే ఆయన నోట అదే మాట. రోగుల్లో ఉన్న రైతులంతా ఒక్క మాటకే ఛాతీలు విప్పారు. కుప్పం ఆయన ముక్కు కూడా మూసుకున్నాడు.

కొన్నాళ్లకు బయటి డాక్టర్లు చూడవచ్చారు. మా డాక్టరుగారు ఆ రెండు ఫిల్ములూ చూపించి, మందు గుణం తేల్చాలంటే ముందు ఊపిరి ఒకేలా ఉండాలని "ఒక రోగి" వల్ల తెలిసిందన్నారు. ఆ ఒక రోగి తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. నావైపు చెయ్యయినా చూపలేదు. బావి మాట ఎక్స్‌రే ఆయన సొంతమైపోయింది. నా పేరు చెప్పమని ఎప్పుడు అడిగినా డాక్టరుగారు చూద్దాం అన్నారు.

ఛాతీ నాది, గాలి నాది, బావి మాట నాది. మీరు సాగించిన మందు పుణ్యాన అడగడానికి ఇంకా ఊపిరి ఉంది. ఆ ఒక రోగి ఎవరో, డాక్టరుగారూ, మీ నోటితోనే చెప్పండి.