తిన్నాకే బొమ్మ

ఆమదాలవలసలో మేం అద్దెకున్న ఇంటి ఓనరమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. రోజూ పొద్దున్న ప్రార్థన కాగానే, అరచేతిలో పట్టే కాగితం మీద నీటిరంగులతో ఒక పువ్వో పండో వేసేవారు. అన్నీ చిన్నవే. పనసపండైనా సరే, బొటనవేలంతే.

పువ్వునైతే ఎదురుగా పెట్టుకునే వేసేవారు. పండును మాత్రం ముందు ఇష్టంగా తినేసి, చేతులు కడుక్కుని, అప్పుడు కుంచె పట్టేవారు. నాకదొక వింత.

"తినేముందు ఫోన్లో ఫొటో అయినా తీసుకోవచ్చు కదా మామ్మగారూ?" అన్నానొకసారి.

ఆవిడ తలెత్తకుండా సీతాఫలానికి కళ్లు దిద్దుతూ, "తినకుండా ఏస్తే రంగొస్తాది గానీ పండు రాదమ్మా" అన్నారు. పక్కన పళ్లెంలో గింజలు మాత్రం మిగిలున్నాయి.

తర్వాత ఆవిడకు షుగరు వచ్చింది. కోడలు ఇంట్లోకి పళ్లు రానివ్వడం మానేసింది. ఇక ఆవిడ బొమ్మలు అంటించే గోడ నిండా మందారాలూ, నందివర్ధనాలూ, బంతిపూలే. ఆవిడ బొమ్మ చప్పున ముగించేసి లేచిపోయేవారు.

వేసవిలో ఒకరోజు, కోడలు బజారుకెళ్లిన సమయంలో, పాలగిన్నె తిరిగిచ్చేందుకు వెళ్లాను. కిటికీలో తడి ఆరని బొమ్మ ఉంది. సువర్ణరేఖ మామిడిపండు, భుజం మీద ఎర్రటి జీరతో నిగనిగలాడుతోంది. చుట్టూ చూశాను. ఎక్కడా తొక్క లేదు, టెంక లేదు.

"మామ్మగారూ, తిన్నారు కదూ?"

ఆవిడ బుకాయించలేదు. కాగితాన్ని జాగ్రత్తగా నా ముందుకు జరిపారు.

"సిన్నదేనమ్మా. కావాలంటే నువ్వే సూడు, ఎంతున్నాదో!"