పిన్ని ఇవ్వని పాట

నా చిన్నప్పుడు మా పిన్ని గొంతు అరకు చలికి పోయిందని మా వాళ్ళంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏ పెళ్ళిలోనైనా ఒక ఆడపిల్ల కాస్త బాగా పాడితే చాలు, మా పెద్దమ్మలు నిట్టూర్చి మొదలుపెడతారు. తమ చెల్లెలు కూడా ఇలాగే పాడేదనీ, ఆ పాటల బండితో కొండల్లో తిరిగి తిరిగి చలికి గొంతు పోగొట్టుకుందనీ. నేను అక్కడే ఉంటాను. ఊరుకోను. అమ్మా, అది ఎండాకాలం సెలవులు, లేకపోతే బడి మాన్పించి నన్ను ఎవరు పంపుతారు, చెమటకి జాకెట్టు వీపుకి అతుక్కుపోయిన మనిషికి చలేమిటి అంటాను. నువ్వప్పటికి చంటిపిల్లవి, నీకేం తెలుసంటారు. చంటిపిల్లని కాదు, నాలుగో తరగతి పాసైన పిల్లని. పైగా ఆ రోజు బండిలో ముందు సీటు మీద కూర్చుని అంతా చూసినదాన్ని. చూసినవాళ్ళ మాట కంటే విన్నవాళ్ళ మాట చెల్లుబాటయ్యే ఇల్లు మాది.

పాటల బండి అంటే పెద్ద ఆర్కెస్ట్రా అనుకోకండి. ఒక పాత వ్యాను, దాని నెత్తిమీద రేకు హారను, లోపల హార్మోనియం, డ్రమ్ము, వంట గిన్నెలు, ముగ్గురు మనుషులు. మా మావయ్య హార్మోనియం వాయించేవాడు, బండీ ఆయనే నడిపేవాడు. డ్రమ్ము తాత మాకు చుట్టం కాదు గానీ అందరికీ తాతే. పాడేది మా పిన్ని, మావయ్యకి స్వయానా చెల్లెలు. వాళ్ళ వెనక కంపెనీ లేదు, పిలిచే సంఘమూ లేదు. సంత ఎక్కడుంటే అక్కడికి పోయేవారు. ఎస్.కోట దగ్గర ఘాటు రోడ్డెక్కి డుంబ్రిగుడ, మళ్ళీ దిగి రాజవొమ్మంగి, అక్కణ్ణించి రంపచోడవరం. ఒక ఊళ్ళో అన్నం వండితే ఇంకో ఊళ్ళో తినేవారు. బండి ఆగితే పిన్నికి కాలు నిలిచేది కాదు. టైరు మారుస్తున్నా సరే, రోడ్డు మీద అటూ ఇటూ పచార్లు చేస్తూ ఇంకా ఎంతసేపని అడుగుతూనే ఉండేది. ఆ సెలవుల్లో నన్ను వాళ్ళతో పంపింది మా అమ్మే. ఇంట్లో నా నోరు భరించలేక.

కొండ ఊళ్ళలో అప్పటికి కరెంటు లేదు. మైకు సెట్టు బండి బ్యాటరీ మీదే నడిచేది. ముందు సీటు కింద బ్యాటరీ, దానికి క్లిప్పులతో రెండు తీగలు. ఎక్కువసేపు పాడితే బ్యాటరీ చచ్చేది, తర్వాత బండి స్టార్టయ్యేది కాదు. అందుకే మావయ్య ఎప్పుడు ఆపినా బండి మూతి పల్లం వైపుకి పెట్టేవాడు, నాలుగు తోపులు తోస్తే దొర్లుకుంటూ లేచేలా. పాట ఎక్కడ పాడాలో జనాన్ని బట్టి కాదు, రోడ్డు వాలుని బట్టి తేల్చేవారు మా వాళ్ళు. ఎన్నో మంచి ఊళ్ళు చదునుగా ఉన్న పాపానికి మా పిన్ని పాట వినకుండా పోయాయి.

అసలు చిక్కు బ్యాటరీ కాదు, పిన్ని గొంతు. అది పెద్ద గొంతు. పొలంలో ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీదివాళ్ళని పిలిచే గొంతు. మైకులో పడేసరికి అది చిట్లిపోయేది, హారను కీచుమనేది. దూరంగా నిలబడమనేవాడు మావయ్య. నిలబడేది. తగ్గించి పాడమనేవాడు. తగ్గించేది. తగ్గించినప్పుడు ఆమె ఆమెలా ఉండేది కాదు. తలుపు చాటు నుంచి ఎవరో గొణుగుతున్నట్టుండేది.

ఆ పొద్దున ఘాటు మీద టీ కొట్టు దగ్గర మావయ్య గ్లాసులోకి చూస్తూ పిన్నితో అన్నాడు.

"ఇయాల డుంబ్రిగుడ సంతలో పాడీసేక నిన్ను బస్సెక్కించేత్తానే. ఇంటికెల్లిపో."

"ఎందుకూ?"

"బొబ్బిలి నుంచి ఇంకో పిల్లొత్తాది. ఆ గొంతు మైకుకి సరిపోద్ది."

"నాది సరిపోదేటి?"

"నీది గొంతేటే, కొమ్ముబూర! నువ్వు నోరిప్పితే మైకు గీపెడతాది."

"అయితే మైకుని మార్సు," అంది పిన్ని.

డ్రమ్ము తాతకి టీ పొలమారింది. మావయ్య నవ్వలేదు. పిన్ని కూడా నవ్వలేదు. ఆ ఇంటికి వెళ్ళడమంటే ఏమిటో నాకు కూడా తెలుసు. ఆ ఇంట్లో ఆమె పొద్దున్నే లేచి గుమ్మం బయటికీ లోపలికీ తిరుగుతూ ఉంటుంది. ఎవరో ఒకరు ఎక్కడికే అంటారు. వెళ్ళేందుకు ఎక్కడా ఉండదు. బండి అరకు దాటింది. పిన్ని కిటికీ రేకు మీద వేళ్ళతో కొడుతూనే ఉంది, ఏ పాటకీ సరిపడని దరువు.

అప్పుడు చైత్రమాసం. కొండ ఊళ్ళలో ఇటుకల పండగ. మగవాళ్ళు వేటకని అడవిలోకి పోతారు, ఊరు ఆడవాళ్ళదవుతుంది, ఊరితోపాటు రోడ్డూ వాళ్ళదే. అడ్డంగా వెదురు పెట్టి, వచ్చిన బండినల్లా ఆపి, పండగ మామూలు పుచ్చుకుని గానీ వదలరు. డుంబ్రిగుడ ఇంకా కొంత దూరం ఉందనగా మమ్మల్ని అలాగే ఆపారు. మావయ్య చిల్లర తీసి ఇచ్చాడు. వాళ్ళు చిల్లర చూడలేదు, నెత్తిమీది హారను చూశారు.

"పాట పాడు. పాడి పో," అంది వెదురు పట్టుకున్నామె.

"సంతకి టైమైపోతంది తల్లీ."

"సంత ఎక్కడికీ పోదు. నువ్వే పోతావు."

వెనకున్న ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. మావయ్యకి దిగక తప్పలేదు. ఆపిన చోటు బల్లపరుపుగా ఉందని గొణుక్కుంటూనే తీగలు తగిలించి, హార్మోనియం దింపి, పిన్నికి మైకిచ్చాడు. ఆమె ఒక సినిమా పాట అందుకుంది. పల్లవి పైకి లేవగానే హారను కీచుమంది. పిల్లలు చెవులు మూసుకున్నారు. ఒకామె ఆ కూతని అచ్చం అలాగే వెక్కిరించి చూపించింది. మావయ్య పిన్ని వంక చూశాడు. చెప్పానా అన్నట్టు ఉంది ఆ చూపు.

పిన్ని పాట ఆపి, నీళ్ళు తాగొస్తానని బండి దగ్గరికి వచ్చింది. నేను ముందు సీట్లో ఉన్నాను. ఆమె వంగి, నా కాళ్ళ పక్కనుంచి చెయ్యి పెట్టి, మైకు తీగ క్లిప్పు ఒకటి పీకేసింది. నా వంక చూసింది. ఎవరికీ చెప్పకని సైగ కూడా చెయ్యలేదు. చెంబెత్తి నీళ్ళు తాగి వెళ్ళిపోయింది. మళ్ళీ పాడబోతే హారను మూగదైంది.

"సచ్చింది బాటరీ!" అని మావయ్య నెత్తి కొట్టుకున్నాడు. అది చావడం కొత్త కాదు గనక సీటు కింద చూడాలని కూడా ఆయనకి తోచలేదు. తోసేందుకు ఊళ్ళో మగవాళ్ళు లేరు. ఏదైనా లారీ దొరికితే లాగించుకుందామని రోడ్డు మలుపు దాకా పోయాడు.

అప్పుడు పాడింది పిన్ని. సినిమా పాట కాదు, మా వైపు నాట్లలో పాడే ఊడ్పుల పాట. చేతిలో మైకు లేదు, పక్కన అన్న లేడు. ఆ గొంతు కొండకి తగిలి తిరిగొచ్చింది. నేను ఆమె పక్కలో పడుకుని పెరిగినదాన్ని, కానీ ఆ గొంతు పూర్తిగా వినడం నాకూ అదే మొదలు. ఆడవాళ్ళు నవ్వడం మానేశారు. వెదురు పక్కన పడేశారు. ఒకరి వెనక ఒకరు చేతులు చుట్టుకుని థింసా ఆటకి వరస కట్టారు. వేటకి పోలేని ముసలాళ్ళు డప్పులు తెచ్చారు. డ్రమ్ము తాత వాళ్ళ మధ్యలో చేరిపోయాడు. మాటలు వాళ్ళవి కావు, అయినా పిన్ని ఒక చరణం వదిలితే వాళ్ళు దాని తోకని వాళ్ళ భాషలో అందుకుని ఇంకో చుట్టు తిరిగేవారు.

కాసేపటికి ఆ వరసలోంచి ఒక ముసలావిడ బయటికొచ్చి పిన్ని ముందు అరచెయ్యి చాచింది.

"ఇచ్చీ అమ్మా. పాట ఇచ్చీ," అంది.

పిన్ని తల అడ్డంగా ఊపి పాడుతూనే ఉంది. ముసలావిడ వరసలోకి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే చెయ్యి, అదే మాట, ఈసారి కాస్త విసుగ్గా. పిన్ని వెనక్కి ఒక అడుగు వేసి ఇంకా పైకెత్తి పాడింది, ఆ చేతిలో ఏదో కత్తి ఉన్నట్టు. లారీ దొరక్క మావయ్య తిరిగొచ్చాడు. చాలే, బేగి రా అని అరిచాడు. డప్పుల్లో ఆ అరుపు పోయింది. తర్వాత ఆయన ఒక రాయి మీద కూర్చుని వింటూ ఉండిపోయాడు. చెల్లెలి పాట ఆయన ఊరికే కూర్చుని వినడం నేను చూడలేదు అప్పటిదాకా.

ఎండ కొండ వెనక్కి పోయేవేళకి పిన్ని గొంతులో మొదట గరగర, తర్వాత చీలిక వినిపించాయి. ఆడవాళ్ళ కాళ్ళు మాత్రం ఆగలేదు. ఒక చరణం మధ్యలో పాట ఠక్కున తెగింది. పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. ముసలావిడ ఈసారి చెయ్యి చాచలేదు. తెగిన చోటునుంచే అందుకుని పాడేసి, పిన్ని నడుం చుట్టూ చెయ్యి వేసి వరసలోకి లాగబోయింది. పిన్ని విడిపించుకుని గబగబా వచ్చి బండెక్కింది.

మావయ్య ఎక్కి, ఆశ లేకుండానే తాళం తిప్పాడు. బండి ఒక్క తిప్పుకే గురక పెట్టి లేచింది. చచ్చిన బ్యాటరీతో లేచింది! ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టి అలాగే ఉండిపోయాడు. సీటు కిందికి చూశాడు. పిన్ని వంక చూశాడు. పిన్ని కిటికీలోంచి బయటికి చూస్తోంది. సంత ఎప్పుడో అయిపోయింది. బండి వెనక్కి తిప్పి ఘాటు దిగాం.

దారిలో డ్రమ్ము తాతని అడిగాను, ఆ ముసలమ్మ ఏమడిగిందని.

"పాట తీసుకుంతానందే గుంటా. ఆళ్ళల్లో ఒకరే ఆకరిదాకా పాడరు. అలిసినోలు పక్కోలకి ఇచ్చీసి లైన్లో కలిసిపోతారు. తప్పేటి అందులో?"

"మరి పిన్నికి చెప్పలేదేం?"

"సెప్పేనే. డప్పుల్లో ఇనిపించిందో లేదో. ఇంటే ఇచ్చీదో లేదో!"

పిన్ని వింటూనే ఉంది. తల తిప్పలేదు.

మర్నాటికి ఆమె గొంతులో గాలి తప్ప ఏమీ రాలేదు. ఏమైందని అమ్మమ్మ అడిగితే మావయ్యే చెప్పాడు, సలికి పట్టేసిందని. నేను కాదన్నాను. పెద్దోళ్ళ మధ్య మాటాడకని నా నోరు మూయించారు. అదిగో, ఆ గుమ్మంలో పుట్టింది మా ఇంటి చలి. కొన్నాళ్ళకి మాట తిరిగొచ్చింది, పాట రాలేదు. బొబ్బిలి పిల్ల వచ్చింది. ఆమెని తిట్టడానికి ఏమీ లేదు, సన్నగా శ్రావ్యంగా పాడేది, మైకు ఆమెతో మర్యాదగా ఉండేది. పిన్ని మాత్రం సంత రోజొస్తే ఇంట్లో నిలిచేది కాదు. ఏదో ఒక పని కల్పించుకుని ఘాటు బస్సెక్కి పైకి పోయి సాయంత్రానికి దిగొచ్చేది. పైన ఏం చేసేదో ఎవరూ అడగలేదు. అడిగేంత దూరం మా వాళ్ళు ఎప్పుడూ ఆలోచించరు.

ఈ కథ ఎవరికైనా చెబితే, మైకు పీకేసి సొంత గొంతుతో పాడింది గనక నువ్వు నేర్చుకున్నది ధైర్యం అని తేల్చేస్తారు. నాకు అంత సులువుగా మింగుడుపడదు. క్లిప్పు పీకడంలో ధైర్యం ఉంది, ఒప్పుకుంటాను. కాలేజీలో పాఠాలు చెప్పే నన్ను తగ్గి మాట్లాడమన్న ప్రిన్సిపాళ్ళందరికీ ఆ క్లిప్పు జవాబే చెప్పాను. కానీ నాతో మిగిలిపోయింది క్లిప్పు కాదు, ఆ చెయ్యి. పొద్దున అన్న ఆమె చోటు ఇంకొకరికి ఇచ్చేశాడు. మధ్యాహ్నం ఒక కొండమనిషి ఆమె ముందు చెయ్యి చాచింది. పొద్దుటి దెబ్బ తగిలినవాళ్ళకి మధ్యాహ్నపు చెయ్యి ఎలా కనబడుతుంది?

ఈమధ్య మా కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరరు అమ్మాయి, మేడమ్, హాస్టల్ పిల్లల గొడవ ఇక నేను చూసుకుంటాను, మీరు అలిసిపోయారు అంది. కొండ ఊళ్ళనుంచి వచ్చిన ఆడపిల్లల హాస్టల్ అది. దానికోసం ఏళ్ళ తరబడి పోట్లాడింది నేను. నా నోట్లోంచి ఏం ఊడిపడబోయిందో నాకే తెలుసు. దాన్ని పళ్ళ మధ్య పట్టుకుని, రేపు చెబుతానన్నాను. ఇంకా చెప్పలేదు. ఆ అమ్మాయి రోజూ స్టాఫ్ రూములో నా వంక చూస్తుంది. నేను కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్ళి తిరిగొస్తాను.

పిన్ని ఇప్పటికీ ఉంది, నన్ను మించిన మొండిది. ఆ రోజు సంగతి అడిగితే నవ్వి, "అన్నం తిన్నావేటే?" అంటుంది. తిన్నాను పిన్నీ. ఇప్పుడు చెప్పు. ఆ ముసలావిడ నీ పాట లాక్కుంటుందనుకున్నావా, నిన్ను తమలో కలుపుకుంటోందని తెలిసే ఇవ్వలేదా?