ఉన్నట్టు తెలియని కత్తి

పడవల వాళ్లు ఆపదలో వాడుకునే చిన్న కత్తులు చేసే మేస్త్రిని అందరూ గ్రాముల బాబాయి అంటారు. ఆయనకు బరువంటే పడదు. పిడికి బెజ్జాలు వేస్తాడు, ఆకురాయితో రుద్దుతాడు, తూచి మళ్లీ రుద్దుతాడు. పదును ముంజేతి మీదే చూసుకుంటాడు కాబట్టి ఎడమచేతి మీద వెంట్రుక నిలవదు. "ఇంకాస్త అరగదీయి, ఇక గాలే అమ్ముకుందాం" అంటుంది భార్య. మొన్న ఒక జాలరి వచ్చి ఆయన చేసిన కత్తినే బల్ల మీద పెట్టాడు.

"తమ్ముడిది, బాబాయ్. నీళ్లలో పడి కాలు వలకు చిక్కుకుంది. కత్తి కోసం మొల తడుముకోవడం నేను చూస్తూనే ఉన్నాను. అదేమో పొద్దున్నే రేవులో జారిపోయింది, తర్వాత అక్కడే దొరికింది. బరువుంటేగా వాడికి తెలియడానికి. మనిషి దక్కలేదు."

బాబాయి ఆ కత్తిని చేతిలోకి తీసుకున్నాడు.

"నిన్నేమంటాను? తేలిగ్గా కావాలని అడిగింది మేమే. నాకొకటి చెయ్యి. ఉన్నట్టు తెలియాలి."

మర్నాడు బాబాయి మందపాటి ఉక్కు తీసుకున్నాడు. ఎక్కడ ఆపాలో చేతులకు తెలియలేదు. మధ్యాహ్నానికి అదీ ఈకలా తయారైంది. సాయంత్రం జాలరి దాన్ని అరచేతిలో ఆడించి చూసి, ఆయన ముఖం చూసి, తాడుతో నడుముకు రెండు ముడులు వేసి కట్టుకున్నాడు.