మెసేజ్ రాని డబ్బు

పీలమేడులో మా గేటు దగ్గర ఇడ్లీ పిండి అమ్ముతాను. గదులు అద్దెకు తీసుకుని వండుకునే కాలేజీ పిల్లలు సాయంత్రం గిన్నెలు పట్టుకుని వస్తారు. వాళ్ళిచ్చే పది, ఇరవై నోట్లు ఇదివరకు బియ్యం డబ్బాలో వేసుకునేదాన్ని. నిరుడు మా ఆయన గేటుకు స్కాన్ చేసే అట్ట అంటించారు. అంటించే ముందు నన్నొక్క మాట అడిగితే ఏం పోయేది? ఖాతా ఇద్దరిదీ, మెసేజ్ ఇద్దరి ఫోన్లకూ వస్తుంది. నాది మోగకముందే కుర్చీలోంచి ఆయన కేక.

"ఏమే, నలభై వచ్చిండాది!"

"తెలుసునండీ, పిండి తోడిచ్చింది నేనే కదా!"

ఫోనుండగా ఇంకా నోట్లెందుకని బ్యాంకులో ఒక అమ్మాయి నన్నడిగింది. పెద్దవాళ్ళకు ఫోనంటే భయం అని జవాబు కూడా తనే చెప్పేసుకుంది. భయమా నా మొహమా! ఆ ఫోనుతో కరెంటు బిల్లు కట్టేది మా ఇంట్లో నేనే.

నాకు కావలసింది సిరువాడు. తమిళం నుంచి మా తెలుగిళ్ళలోకి వచ్చిన మాట. ఆడది ఇంటి ఖర్చులో మిగిల్చి, తన కష్టంతో కూడబెట్టి పక్కన పెట్టుకునే డబ్బు. అది దొంగ డబ్బు కాదు. మా అమ్మ మిరపకాయల జాడీలో దాచేదని మా నాయనకు బాగా తెలుసు. ఆ జాడీ వైపు మాత్రం ఆయన ఎన్నడూ చూడలేదు. ఎంతుంది, ఎవరికిచ్చావు అని అడగకపోవడమే అందులోని మర్యాద. ఆ మర్యాద ఈ ఫోనుకెవరు నేర్పుతారు?

నా సిరువాడు సగం మా అక్కకే. పెరియకుళంలో కొడుకు దగ్గర ఉంటుంది. మామిడి తోట ఉంది, తిండికి లోటు లేదు, కొడుకూ మంచివాడే. కానీ బావ పోయాక చేతిలో తనదంటూ ఒక్క రూపాయి లేదు. ఏం కావాలన్నా కొడుకును అడగాలి. అందుకని నేను వెళ్ళినప్పుడల్లా వంటింట్లో దాని చేతిలో కొంచెం పెట్టి వచ్చేదాన్ని. దేనికని నేను అడగలేదు, తను చెప్పలేదు.

అట్ట అంటించిన కొన్ని నెలలకే బియ్యం డబ్బా ఖాళీ అయింది. బ్యాంకులో తీసినా ఆయనకు మెసేజ్ వెళ్తుంది. పైగా మోకాలి నొప్పితో బస్సెక్కలేకపోయాను. బుద్ధి గడ్డి తిని, అక్కకివ్వమని దాని కొడుకు నంబరుకు రెండు వేలు పంపాను. సిరువాడును ఫోన్లో పంపిన మొదటి మూర్ఖురాలిని నేనే అయ్యుంటాను.

నేను స్నానం చేసి వచ్చేసరికి ఈయన మెసేజ్ చూసి వాడితో ఫోన్లో మాట్లాడుతున్నారు. "మీ చిన్నమ్మ రెండు వేలు పంపిండాది, చేరెనా? ఏంటికి, వదినకు ఒళ్ళు బాగలేదా?" అభిమానంతోనే అడిగారు. అదే నా ఖర్మ.

మధ్యాహ్నానికల్లా డబ్బు తిరిగొచ్చింది. వెంటనే వాడి ఫోను. "చిన్నమ్మా, నేను మా అమ్మను బాగా చూసుకోలేదా? ఊళ్ళో నలుగురు వింటే ఏమనుకుంటారు?" అదేం లేదురా అని ఫోను పెట్టేశాను.

ఈయన మీద విరుచుకుపడ్డాను. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. "నేను వద్దంటినా? అడిగుంటే ఇంకో వెయ్యి వేసి పంపుదునే!"

"అదేనండీ, అడగాల్సి రావడమే నాకు వద్దు!"

ఆయన ఫోను పక్కన పెట్టి టీ తాగారు. ఇంత మంచి మనిషితో పోట్లాడటం కన్నా చెడ్డవాడితో పోట్లాడటమే నయం.

మోకాలు కాస్త కుదుటపడ్డాక, పిల్లలిచ్చే పిండి డబ్బు కొంత పక్కింటావిడ ఫోనుకు వేయించి, ఆమె దగ్గర నోట్లు తీసుకుని పెరియకుళం వెళ్ళాను. వంటింట్లో అక్క చేతిలో పెట్టబోతే వెనక్కి తోసేసింది. "వద్దు అమ్మిణీ. నువ్వొచ్చి పోతే చాలు, నీ దగ్గర తీసుకుంటానేమో అని వాడు నా మొహమే చూస్తా ఉండాడు." ఎంత బతిమాలినా తీసుకోలేదు. తిరుగు బస్సులో ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో కూడా తెలియలేదు.

పోయిన వారం అక్కకు ఫోన్ చేశాను. తన కూతురి బిడ్డ పెద్దమనిషైందని ఆ ముందు రోజే అక్కా, కొడుకూ వెళ్ళి చూసొచ్చారు.

"బిడ్డ చేతిలో ఏం పెట్టినావక్కా?"

"వాడే ఫోన్లో దాని అమ్మకు వేసేసినాడు అమ్మిణీ. శానా వేసినాడు. నేను పక్కన నిలబడుకొని ఉంటిని."