బాపు ముట్టని కంప్యూటర్

మా చిన్నప్పుడు... సూరత్ లింబాయత్‌లో మాది ఒకటే గది. కింద మగ్గాల కార్ఖానా, పైన మేము. మగ్గాలు ఆడుతున్నంతసేపూ గూట్లో గ్లాసులు గలగలమంటూనే ఉండేవి. ఆ గదిలోకి ఒకరోజు మా బాపు పాత కంప్యూటర్ ఒకటి మోసుకొచ్చాడు. దానికి చోటివ్వడం కోసం అమ్మ బియ్యం డబ్బాను మంచం కిందికి తోసింది.

బాపు అప్పటికే పదిహేనేళ్లుగా మగ్గం నడుపుతున్నాడు. ఆ మోతకు ఒక చెవి దాదాపు పోయింది. మిల్లు ఆఫీసులో రోజూ ఎంత బట్ట దిగిందో కంప్యూటర్లో ఎక్కించే మనిషి మానేస్తున్నాడని, టైపింగ్ నేర్చుకుంటే ఆ పని ఇస్తానని సేఠ్ అన్నాడట. మోత లేని చోట కూర్చుని చేసే పని... బాపుకు అంతకు మించిన కోరిక లేదు.

రోజూ పొద్దున షిఫ్టుకు వెళ్లేముందు ఒక్క వేలితో తన పేరు కొట్టుకునేవాడు. ఒక్కో అక్షరం వెతుక్కోవడానికి ఒక్కో నిమిషం. ఆరో తరగతి చదువుతున్న నేనే గురువును. గురువుగారికి పొగరు కూడా బాగానే ఉండేది.

బాపు పెట్టిన షరతు ఒక్కటే... తను లేనప్పుడు నెట్ పెట్టొద్దని.

మే నెలలో ఒక మధ్యాహ్నం. అమ్మ తను ఇంట్లో మెరుపు రాళ్లు అంటించిన చీరలు షాపులో ఇచ్చి రావడానికి వెళ్లింది. నేను నెట్ డాంగిల్ పెట్టాను. బొమ్మకు చీర కట్టే ఆట కావాలి నాకు. పేజీలో అన్నిటికంటే పెద్దగా, పచ్చగా ఒక బటన్ మిలమిలా మెరుస్తోంది... నొక్కేశాను. ఇప్పుడైతే ఎవరికైనా ముందు ఇదే చెబుతాను. రా రమ్మని పిలిచే బటన్ జోలికి పోకండి. అసలుది ఎక్కడో ఓ మూల చిన్నగా ఉంటుంది.

తెరంతా ఎర్రగా అయిపోయింది. కీచుమని ఒకటే మోత. మీ కంప్యూటర్‌కు తాళం పడింది, మీ మీద పోలీసు కేసు ఉంది, ఆపితే ఇంకా పెద్ద కేసవుతుంది అని ఇంగ్లీషులో రాసుంది. మూద్దామంటే మూసే గుర్తే లేదు. స్పీకర్ తీగ లాగేసి, డాంగిల్ పీకి డబ్బాలో పెట్టేసి, పుస్తకం పట్టుకుని మూలన కూర్చున్నాను.

బాపు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంది బిడ్డా గిది? నువ్వేమన్న ముట్టినవా?"

"లేదు బాపు."

అంతే... ఆయన తన వేళ్లకేసి చూసుకున్నాడు. "గట్లయితే పొద్దుగాల నేనే ఏదో ఒత్తినట్టున్న" అన్నాడు.

నా చేతే చదివించుకున్నాడు. ఆపొద్దని రాసుందనగానే ఇక ఆపే ఆలోచనే చేయలేదు. బాపు పనిచేసే మిల్లులో చెడిపోయిన మగ్గానికి ఎర్ర గుడ్డ కట్టేవాళ్లు. బాగుచేసే మిస్త్రీ వచ్చి విప్పేదాకా దాన్ని ఎవరూ ముట్టరు. బాపు కూడా అమ్మ పాత రవికలోంచి ఓ ముక్క చింపి కంప్యూటర్‌కు కట్టాడు. కానీ మిస్త్రీని పిలిస్తే కేసు సంగతి గల్లీ మొత్తానికి తెలిసిపోతుంది. ఊరు కాని ఊరు... మా తరఫున మాట్లాడేవాళ్లెవరు?

రెండు రోజులు తలుపు గడియ తీయలేదు. కిటికీ కూడా మూసేశాం. బాపు పనికి పోలేదు. తెరలోంచి ఎవరో చూస్తున్నారని అమ్మ దాని మీద దుప్పటి కప్పింది. దుప్పటిలోంచి కూడా ఆ ఎరుపు కనబడుతూనే ఉంది. మెట్ల మీద ఎవరి అడుగు వినబడినా ముగ్గురం ఊపిరి బిగబట్టేవాళ్లం. నిజం నోటిదాకా వచ్చేది... చెబితే కంప్యూటర్ పోతుందని, బడి కూడా మాన్పిస్తారేమోనని మింగేసేదాన్ని. కుడితిలో పడ్డ ఎలుక అంటారే, ఆ రెండు రోజులూ నేను అదే.

మూడో రోజు కరెంటు పోయింది. మగ్గాలు, ఫ్యాను, ఆ తెర అన్నీ ఒక్కసారే ఆగాయి. కరెంటు వచ్చాక నేను ఆన్ చేసి చూస్తే కంప్యూటర్ మామూలుగానే ఉంది. తాళమూ లేదు, కేసూ లేదు... అదంతా ఉత్త బెదిరింపు పేజీ! పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే పోయేది. మీకు ఎప్పుడైనా అలాంటిది కనబడితే అదే చేయండి. అలాంటి పేజీల్లో ఉండే నంబరుకు మాత్రం ఫోన్ చేయకండి. మళ్లీ పెట్టాక పాత పేజీ తెరవమంటారా అని అడిగితే వద్దనండి.

నేను ఎగిరి గంతేశాను. బాపు నవ్వలేదు. ఎర్ర గుడ్డ విప్పుతూ, "ఇగ నువ్వే నేర్సుకో బిడ్డా. నా శెయ్యి పడితే ఖరాబైతది" అన్నాడు. తన వల్ల కాదని సేఠ్‌కు చెప్పేశాడు. ఆ తర్వాత ఇంకో పన్నెండేళ్లు మగ్గం మీదే పనిచేశాడు. రెండో చెవి కూడా పోయింది.

కంప్యూటర్ నాదైంది. ఇవాళ ఒక ఆఫీసులో కంప్యూటర్లన్నీ చూసుకునే ఉద్యోగం నాది. మోత లేని గది, చల్లగా ఏసీ... ఆ కుర్చీలో కూర్చున్నప్పుడల్లా సిగ్గేస్తుంది.

ఇప్పుడు సూరత్‌లోనే డిండోలిలో ఉంటున్నాం. ఫోన్‌లో అలారం మార్చాలన్నా బాపు నాకే ఇస్తాడు. పోయిన ఆదివారం అలాగే ఇచ్చినప్పుడు ఇక దాచలేక ఆటా, బటనూ, అబద్ధమూ అన్నీ చెప్పేశాను. మొదటిసారి ఆయనకు వినబడలేదు. అదే మాట మళ్లీ గట్టిగా, దాదాపు అరిచి చెప్పాల్సి వచ్చింది.

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. "గట్లయితే నేను ఖరాబు చెయ్యలేదన్నట్టు" అన్నాడు. అదే మాట అమ్మ దగ్గరికెళ్లి చెప్పాడు.

ఇప్పటి పిల్లలు నడక రాకముందే తెర గీకుతున్నారు, ఏదైనా చెడిపోతే ఇంకోటి పట్టుకుంటున్నారు... మంచిదే. కానీ మీ ఇంట్లో కూడా "నాకు రాదు, నువ్వే చెయ్యి" అంటూ ఫోన్ మీ చేతికిచ్చే మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఆ మాట వాళ్లకు ఎవరి వల్ల అలవాటైందో ఒకసారి అడగండి. మీవల్లే అయితే కింద రాయండి... నేనొక్కదాన్నే కాదని తెలుస్తుంది.